మూడు వేళ్ల పిట్ట

శనివారం రెండు కొట్టగానే విన్నీ పెళ్లి ఉంగరం తీసి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టేది. కప్పులు కడిగే కార్యక్రమం మొదలైందని దానర్థం. చెల్లెలు హెట్టీకి అరికాలి మంట నెత్తికెక్కడం కూడా సరిగ్గా అప్పుడే మొదలయ్యేది.

తొట్టిలో మెత్తటి తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు నాలుగంటే నాలుగు చుక్కలు వేసి, విన్నీ ఒక్కొక్క కప్పునీ పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగేది. ఆరు కప్పులు, ఆరు సాసర్లు. అంచున బంగారు గీత, మధ్యలో తలా ఒక పిట్ట. లకుముకి, వడ్రంగి పిట్ట, తీతువు, రాబిన్, కౌజు, ఆరోది ఎర్ర మొహం గోల్డ్‌ఫించ్. నూట డెబ్బై ఏళ్ల కిందట తమ తాతకి తాత ఇనాక్ టామ్స్ ఈ పిట్టల్ని వేశాడని ఆ ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. ఇంట్లో పెద్ద బిడ్డకి పెళ్లిలో ఇవ్వడం ఆనవాయితీ. అలా అవి విన్నీకి వచ్చాయి. వాటిలో ఎవరూ ఎన్నడూ టీ తాగిన పాపాన పోలేదు.

కడుక్కుంటే కడుక్కోనీ, ఎవరికి నష్టం? కానీ విన్నీ నోరు మూసుకుని కడిగే మనిషి కాదు.

“చూడవే హెట్టీ, ఈ ముక్కు చూడు. ఈ రెక్క చూడు. ఇనాక్ తాత చెయ్యంటే చెయ్యి. మీ కార్ఖానావాళ్లూ ఉన్నారు ఎందుకు, పూటకి ఇన్ని అని లెక్కపెట్టి పిట్టల్ని రుద్ది పారేసేవాళ్లు.”

“రుద్దలేదక్కా. వేశాం.”

“ఆ, వేశారు. గోడకి సున్నం వేసినట్టు.”

ముప్పై ఎనిమిదేళ్లు హెట్టీ క్రెస్‌వెల్ పింగాణీ కార్ఖానాలో కప్పుల మీద పిట్టలు వేసింది. పద్నాలుగో ఏట బల్ల ముందు కూర్చుంది. మొదటి ఏడాదంతా ఈకలే. రెండో ఏడాది కాళ్లు, కొమ్మలు. మూడో ఏడాదికి గానీ కన్ను పెట్టనివ్వలేదు, ఎందుకంటే కన్ను చెడితే పిట్ట మొత్తం చెడుతుంది. 1981లో కార్ఖానావాళ్లు కాగితం మీద అచ్చువేసిన పిట్టల్ని తెచ్చి అతికించడం మొదలుపెట్టి, ఆమెకి ఒక గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. అంతకాలం ఆమె వేసిన వేల పిట్టల్లో ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. అక్కడ మగవాళ్లు పేరు రాసుకునేవారు. ఆడవాళ్లు అడుగున సూదిమొనంత చుక్క పెట్టుకోవాలి, అదీ ఎవరెన్ని వేశారో ఫోర్‌మన్ లెక్క చూసుకోవడానికి. ఇంత చాకిరీ చేసి ఇంటికొస్తే అక్క నోట సున్నం మాట. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా.

దీన్ని కూడా హెట్టీ భరించేదేమో. భరించలేనిది ఆఖరున వచ్చేది. గోల్డ్‌ఫించ్ సాసరుని విన్నీ అన్నిటికన్నా చివర కడిగేది, అన్నిటికన్నా ఎక్కువసేపు కడిగేది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు మాటా పలుకూ లేకుండా చూసేది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, “ఇలాంటి పిట్టని వేసే చెయ్యి మళ్లీ ఈ ఊళ్లో పుట్టలేదే,” అనేది.

ఆ పిట్టని వేసింది హెట్టీ.

1954 ఏప్రిల్‌లో విన్నీకి ఫ్రెడ్‌తో పెళ్లయింది. కేకు పక్కన బల్ల మీద ఇనాక్ కప్పుల్ని చూపుకి పెట్టారు. పింగాణీ పని చేసే ఊరు కాబట్టి, అక్కడ ఎవరింటికి వెళ్లినా ముందు కప్పు బోర్లించి, అడుగున ఎవరి ముద్ర ఉందో చూశాకే మనిషి కుర్చీలో కూర్చుంటాడు. పెళ్లికి వచ్చిన నలభై మందీ కప్పుల్నీ సాసర్లనీ తిప్పి చూశారు. ఆ సాయంత్రం కొత్త దంపతులు రైలెక్కి, లాండుడ్నోలో సముద్రం చూడ్డానికి రెండు వారాలకి వెళ్లారు. నలభై మంది వేలిముద్రలూ కడగడం చెల్లెలి వంతయింది. గోల్డ్‌ఫించ్ సాసరు సబ్బు చేతిలోంచి జారి కుళాయికి తగిలింది. పిట్ట మొహం, రెక్కలు ఉన్న ముక్క చేతిలో మిగిలింది. కాళ్లూ, అది కూర్చున్న ముళ్లమొక్కా పొడైపోయి తూములో కొట్టుకుపోయాయి.

చెప్పేస్తే పోయేది. కానీ ఆ ఉదయమే పెళ్లి గౌను వేసుకుంటూ విన్నీ నలుగురి ముందూ, “కప్పులు మా హెట్టీ చేతికి మాత్రం ఇవ్వకండి, దాని చేతిలో కుంచె తప్ప ఏదీ నిలవదు,” అని నవ్వించింది. ఆ మాట నిజమైందని ఒప్పుకోవడం కంటే ఇంకో సాసరు వేయడమే సులువనిపించింది హెట్టీకి. ఇరవై అయిదేళ్ల పొగరు అది.

పగిలింది సాసరు కాబట్టి బతికిపోయింది. కప్పు పగిలితే ఆ రోజే పట్టుబడేది, ఎందుకంటే విన్నీ బతుకంతా కప్పులకి పిడులు అతికించిన మనిషి. కళ్లు మూసుకుని పిడి తడిమి, ఇది ఫలానా మేరీ అతికించింది, ఇది ఫలానా ఆగ్నెస్ అతికించింది అని చెప్పేది. సాసరుకి పిడి ఉండదు.

పాత పింగాణీకి మీగడ రంగు ఉంటుంది. ఆ రంగు సాసరు కోసం హెట్టీ కార్ఖానా గోదాములో నాలుగు రోజులు వెతికి, రంగు తేడా వచ్చిందని పారేసిన వాటిలో ఒకటి పట్టుకుంది. మధ్యాహ్నం భోజనం గంటలో, పగిలిన ముక్కని ఒళ్లో దాచుకుని చూస్తూ వేసింది. పక్క బల్ల ఫిలిస్ అంచుకి బంగారం పెట్టింది, నోరు మూసుకున్నందుకు మూడు వారాలు హెట్టీ డబ్బుతో చీజ్ కూరిన ఓట్స్ అట్లు తిన్నది. మొహం వచ్చింది, రెక్కలు వచ్చాయి. కాళ్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఇనాక్ ఆ కాళ్లని ఎలా వేశాడో హెట్టీకి గుర్తు లేదు. కప్పు మీది గోల్డ్‌ఫించ్ ఎగురుతూ ఉంటుంది, దాని కాళ్లు కనపడవు. కార్ఖానా నమూనాల పుస్తకంలో ఉన్న గోల్డ్‌ఫించేమో ఆకుల్లో దాక్కుని ఉంటుంది. అప్పుడు ఆమెకి కల్నల్ గుర్తొచ్చాడు.

కల్నల్ అంటే అక్కాచెల్లెళ్ల నాన్న పెంచిన గోల్డ్‌ఫించ్. పొద్దున్నే విస్కీ పట్టించిన మిలిటరీ ఆఫీసరులా మొహం ఎర్రగా ఉంటుందని ఆ పేరు పెట్టాడు. పదేళ్లకి పైగా వంటింటి కిటికీ దగ్గర పంజరంలో కూర్చుని ఇంటిల్లిపాదినీ కూతలతో ఏలాడు. 1940లో పక్కింటి షెరట్‌గారి పిల్లి పంజరం మీదకి ఎగబడి వాడి ఎడమ కాలి వేలు ఒకటి ఊడబెరికిందట. నాన్న బూటు విసిరి పిల్లిని కొట్టాడు. పిల్లి నా పిల్లే కాదు పొమ్మన్నాడు షెరట్. ఒకే బట్టీ దగ్గర పనిచేస్తూ, చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటూ, ఇద్దరూ తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు.

హెట్టీ కళ్లు మూసుకుని కల్నల్ని తలుచుకుంది, చెయ్యి దానంతట అదే వేసుకుపోయింది. సాసరు బట్టీలోంచి బయటికొచ్చాక చూస్తే పిట్ట ఎడమ కాలికి నాలుగుకి బదులు మూడే వేళ్లు ఉన్నాయి. బట్టీలో కాలిన రంగుని దిద్దడం దేవుడి తరం కూడా కాదు. ఆ మర్నాడే లాండుడ్నో రైలు వచ్చింది.

అప్పటినుంచి నలభై రెండేళ్లు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది హెట్టీ. ఫ్రెడ్ బతికున్నన్నాళ్లూ శనివారం శనివారం అక్క ఇంటికి వెళ్లి విన్నది. ఫ్రెడ్ పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ నాన్న ఇంట్లో చేరారు, ఇంక ఎక్కడికీ వెళ్లకుండా విన్నది. ఆమెకి పెద్ద కోరికలేం లేవు. అక్క నోటినుంచి ఒక్కసారి, ఇనాక్ పేరు లేకుండా, బాగా వేశావే అన్న మాట వినాలి. ఆ మాట ప్రతి శనివారం వస్తూనే ఉంది, ఆమెని దాటుకుని చచ్చిన ముసలాయన దగ్గరికి పోతోంది.

డెబ్బై ఒకటో ఏట విన్నీ ఒక నిర్ణయం తీసుకుంది. పిల్లలు ఇద్దరికీ లేరు, కాబట్టి కప్పులు మ్యూజియానికి ఇచ్చేద్దామంది.

“ఇప్పుడేం కొంప మునిగిందని?” అంది హెట్టీ.

“నేను ముందు పోతే ఇవి నీ చేతిలో పడతాయి. వారం తిరక్కుండా ముక్కలేరుకోవాలి.”

హెట్టీ ఆ రాత్రి సరిగా తినలేదు. మ్యూజియం మనిషి కనిపెడితే అక్క ముందు దొంగగా నిలబడాలి. కనిపెట్టకపోతే అది ఇంకా ఘోరం. తన పిట్ట అద్దాల బీరువాలోకి ఎక్కి, కింద ఇనాక్ పేరుతో ప్రపంచం ఉన్నంతకాలం కూర్చుంటుంది.

మంగళవారం పదకొండింటికి, వానలో తడుస్తూ మ్యూజియం నుంచి లవాట్ అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, మెళ్లో దారానికి భూతద్దం. విన్నీ రోజువారీ కప్పులో టీ ఇచ్చి, పక్కన రెండు బిస్కెట్లు పెట్టింది. ఆయన బిస్కెట్లు జేబులో వేసుకుని, సాసరు ఎత్తి అడుగున ముద్ర చూసి, తలూపి, అప్పుడు కూర్చున్నాడు. విన్నీకి మనిషి నచ్చాడు.

ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. లకుముకి బాగుందన్నాడు. కౌజు మరీ బాగుందన్నాడు. గోల్డ్‌ఫించ్ సాసరు కిటికీ వెలుగుకి పట్టేసరికి హెట్టీ ఒక అడుగు ముందుకేసింది.

“తెలుపులో చిన్న తేడా ఉందమ్మా,” అన్నాడు. “పాత సెట్లలో మామూలే. బట్టీలో ఎక్కడ పెట్టారో దాన్నిబట్టి ఉంటుంది.”

హమ్మయ్య అనుకుంది హెట్టీ. అనుకున్న మరుక్షణమే ఒళ్లు మండింది. పెద్ద చదువు చదివి, మెళ్లో భూతద్దం కట్టుకు తిరుగుతూ, నూట డెబ్బై ఏళ్ల ఎరుపుకీ 1954 ఎరుపుకీ తేడా తెలియదా ఈ మనిషికి.

లవాట్ భూతద్దం ఇంకా దగ్గరికి పెట్టి చిన్నగా నవ్వాడు. “ఇదిగో, ఇక్కడ ముసలాయన కాలు జారాడు. ఎడమ కాలికి మూడే వేళ్లు.”

విన్నీ చేతిలో టీ కెటిల్ ఆగిపోయింది.

“బీరువాలో పెట్టే కార్డు మీద ఇదే రాద్దాం,” అన్నాడాయన, కలం తీసి రాస్తూ. “జనానికి ఇలాంటివి ఇష్టం. ‘ఇనాక్ టామ్స్ పొరపాటు. తొందరలో ఒక వేలు మరిచాడు.’ అప్పటివాళ్లకి కాళ్ల మీద శ్రద్ధ తక్కువ లెండి. బతికున్న పిట్టని సరిగా చూసి వేసేవాళ్లు కాదు.”

హెట్టీ బల్ల మీదుగా చెయ్యి చాచింది.

“ఆ కాగితం ఇటివ్వు నాయనా,” అంది.

“ఏంటమ్మా?”

“పొరపాటు అని రాశావే, ఆ కాగితం. ఇటివ్వు. చూడకుండా వేసిందా? పదేళ్లు రోజూ ఆ పిట్టకి గింజలు పెట్టాను. దానికి ఉన్నవే మూడు వేళ్లు. ఉన్నవి ఉన్నట్టు వేశాను. లేని వేలు ఎక్కణ్ణించి తెచ్చిపెట్టమంటావు?”

“ఎవరు వేశారమ్మా?”

“నేను.”

ఇంక ఆగలేదు. పెళ్లి, సబ్బు, కుళాయి, గోదాము, ఫిలిస్ తిన్న అట్లతో సహా మొత్తం చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అక్క వైపు చూడలేదు, లవాట్ చొక్కా గుండీలు చూస్తూ చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ భూతద్దం తీసి అంచు మీది బంగారం చూశాడు, ఎరుపు చూశాడు.

“నిజమేనమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “నేను చూసుండాల్సింది.”

హెట్టీ తిట్ల కోసం కాచుకుంది. కుంచె తప్ప ఏదీ నిలవని చెయ్యి అన్న మాట వస్తుందని తెలుసు, దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది. విన్నీ కెటిల్ కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అయితే అది కల్నలా?”

“కల్నలే.”

“ఇనాక్ తాత వేసింది కాదు.”

“చెప్పాను కదక్కా, కాదని.”

విన్నీ సాసరు తీసుకుని మోకాళ్ల మీద పెట్టుకుంది. “పెళ్లయి వచ్చాక మొదటి శనివారం కడుగుతూ చూశానే దీన్ని. మూడు వేళ్లు. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఎప్పుడో చచ్చిన ముసలాడికి నా సంగతి ఎలా తెలిసిందా అనుకున్నా. నలభై రెండేళ్లు ప్రతి వారం ఆ కాలు తుడుస్తూనే ఉన్నా.”

“నీ సంగతేంటి మధ్యలో? వేలు పీకింది షెరట్ పిల్లి కదా.”

“పిల్లీ లేదు, గిల్లీ లేదు. డాన్సుకి టైమైపోతోందని పంజరం తలుపు టప్పున వేశా. వాడి కాలు అక్కడుంది. పిల్లి పీకిందని నాన్నకి చెప్పేశా.”

హెట్టీ వంగి సాసరు మీది ఆ కాలు చూసింది.

“నాన్న ఆ పిల్లిని బూటు విసిరి కొట్టాడు,” అంది హెట్టీ.

“కొట్టాడు.”

“షెరట్‌తో తొమ్మిదేళ్లు మాటల్లేవు. ఆయన పోతే కూడా నాన్న వీధిలోనే నిలబడ్డాడు గానీ లోపలికి వెళ్లలేదు.”

“తెలుసే. నేనూ అక్కడే ఉన్నా.”

హెట్టీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, చివరికి కోపమే గెలిచింది. “నీ పాపం నువ్వు కడుక్కోవడానికి నన్ను సున్నం వేసేదాన్ని చేశావా? ప్రతి శనివారమూ?”

“మరి నువ్వు ముక్కలు దాచి మూడు నెలల పెళ్లికూతుర్ని భయపెట్టి చంపలేదా?”

“మూడు వారాలు. మూడు నెలలు కాదు. అప్పటికి నీ పెళ్లయి మూడు వారాలు.”

“ఆ, లెక్కలు మాత్రం బాగా వచ్చు.”

లవాట్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, సందు చూసుకుని, ఆరు కప్పులూ అయిదు సాసర్లూ మ్యూజియం సంతోషంగా తీసుకుంటుందనీ, ఆరో సాసరుని కూడా తర్వాత చేర్చినదని చిన్న అక్షరాల్లో రాసి పెట్టొచ్చనీ అన్నాడు.

“అది రాదు,” అంది విన్నీ.

“సెట్టు నిండుగా ఉంటుందమ్మా.”

“ఉండక్కర్లేదు నాయనా. ఇనాక్ తాతవి ఇనాక్ తాతవిగా తీసుకెళ్లు. ఇది మా చెల్లెలిది.”

ఆయన పాత పేపర్లలో అన్నీ చుట్టి, పెట్టె కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూసి, తలుపేసి లోపలికి వచ్చారు. ఇన్నాళ్లూ కప్పులున్న అద్దాల బీరువా ఖాళీగా కనిపించింది. హెట్టీ దానికేసి చూడకుండా టీ పెట్టడానికి వెళ్లింది. అక్క ఇప్పుడైనా ఆ ఒక్క మాట అంటుందేమోనని చెవులు వెనక్కే పెట్టుకుని కెటిల్ నింపింది.

విన్నీ కళ్లజోడు పెట్టుకుని, సాసరుని ఆ ఊరి అలవాటు ప్రకారం తిప్పి అడుగు చూసింది. ఎర్ర రంగులో పాత నంబరు ఒకటుంది. హెట్టీ అప్పట్లో దాన్ని కూడా చూసి దించేసింది.

“నీ పేరేదే?”

“ఆడవాళ్లని ఎక్కడ రాయనిచ్చారు? చుక్క పెట్టుకోవడమే. దీనికి చుక్క కూడా పెట్టలేదు, దొరికిపోతానని.”

“పేరు లేకపోబట్టే కదా ఇన్నాళ్లూ ముసలాడికి దండాలు పెట్టా. ఇప్పుడు రాయి.”

“ఇప్పుడేంటక్కా. చెయ్యి వణుకుతోంది.”

“వణికితే వణకనీ. రాయవే.”

హెట్టీ సొరుగులోంచి డబ్బా తీసింది. అడుగున నల్ల రంగు పొడి ఇంకా చిటికెడు మిగిలి ఉంది. టర్పెంటైన్ రెండు చుక్కలు వేసి నూరింది. సన్న కుంచె పట్టుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నంబరు కింద రాసింది. హెట్టీ టామ్స్. ఒకప్పుడు పిట్ట కంట్లో ఆవగింజంత వెలుగు పెట్టిన చెయ్యి, ఆ రెండు మాటలు రాయడానికి పది నిమిషాలు తీసుకుంది.

విన్నీ దగ్గరికి తెచ్చుకుని చూసింది. “కోడి గీకినట్టుంది.”

హెట్టీకి మళ్లీ మండింది. “చెప్పానా లేదా, చెయ్యి వణుకుతోందని? అయినా దీన్ని చూసి ముచ్చటపడకు. బట్టీలో కాల్చని రంగు నిలవదు. ఒక్క శనివారం నీ తొట్టిలో పడిందంటే పోతుంది.”

విన్నీ సాసరుని రెండు చేతులతో పట్టుకుని, పేరు ఆరేలా మెల్లగా ఊదింది.

“అయితే కడగనులే,” అంది.